ఫిల్ము కెమెరాకు ఒక్క జూమ్ లెన్సు: ఎన్నుకొను విధము

మన సోలాపురము తూర్పుభాగమునందలి నేతవారి వాడలలో, కొన్ని యిండ్ల పెట్టెలయందు నేటికిని పాత ఫిల్ము కెమెరాలు భద్రముగ నున్నవి. వానిలో కొన్ని పెండ్లిండ్లకు ఛాయాచిత్రములు తీసి జీవించినవారివి. కొన్ని తండ్రులో పినతండ్రులో ముచ్చటపడి కొనుక్కొన్నవి. డిజిటల్ కెమెరాలును, పిమ్మట చేతి ఫోనులును వచ్చిన తరువాత ఇవి మూలబడినవి. ఇప్పుడు కొందరు విద్యార్థులు వానిని మరల వెలికి తీయుచున్నారు. కెమెరా చేతికి వచ్చినంతనే పుట్టు ప్రశ్న యొక్కటి కలదు: దీనికి ఏ లెన్సు తగిలింపవలెను? పది పనులకు పది లెన్సులు కొనుట విద్యార్థికి సాధ్యము కాదు. కావున అన్ని పనులకును చాలునట్టి ఒక్క జూమ్ లెన్సును ఎన్నుకొనుట ఎట్లో ఈ పాఠమున విచారింతము.

ఈ విచారణ కేవలము వేడుక కొరకు గాదు. మన వాడలలో చేమగ్గములు దాదాపు కనుమరుగైనవి. మరమగ్గములలో సైతము పాతవి తుక్కు క్రింద అమ్ముడుపోవుచు, వాని స్థానమున నాడె లేని క్రొత్త యంత్రములు వచ్చుచున్నవి. నాడె యాడు మగ్గమును, దాని ముందు నిలిచిన మనిషిని ఒకే చిత్రమున చేర్చి దాచుకొనదలచినవారికి ఇక మిగిలిన కాలము స్వల్పము. ఒక ఫిల్ము చుట్టలో 36 చిత్రములే పట్టును. తగని లెన్సుతో కార్ఖానాకు పోయినచో మగ్గము సగమే పడును, లేదా వెలుతురు చాలక చిత్రమంతయు చెదరిపోవును. ఫిల్ము కడిగించిన తరువాతనే యీ సంగతి తెలియును. అప్పటికి ఆ మగ్గము అచ్చట ఉండునో లేదో!

నాభ్యంతరము అనగా నేమి

మనము వాడుకలో లెన్సు అనుదానినే పాఠ్యపుస్తకములు కటకమనును. కెమెరా లెన్సు ఒక్క కటకము గాదు; అనేక గాజు కటకముల కూర్పు. బహు దూరమునుండి వచ్చు కిరణములను ఆ కూర్పు ఎంత దూరమున ఒకచో చేర్చునో ఆ కొలతకు నాభ్యంతరమని పేరు. దీనిని మిల్లీమీటర్లలో చెప్పుదురు. లెన్సు అంచుపై 28, 50, 105 అని చెక్కియుండు సంఖ్యలు ఇవియే.

నాభ్యంతరము తక్కువయైన కొలది దృశ్యము విశాలముగ పడును. ఎక్కువయైన కొలది దృశ్యము ఇరుకై, దూరపు వస్తువు పెద్దదిగ కనబడును. సాధారణ ఫిల్ము చట్రము 36 మిల్లీమీటర్ల వెడల్పును, 24 మిల్లీమీటర్ల ఎత్తును కలది. దాని కర్ణము సుమారు 43 మిల్లీమీటర్లు. ఈ కొలతకు దగ్గరగ నున్న 50 మి.మీ. లెన్సును సహజ దృష్టి గలదిగ నెంచి, పూర్వము కెమెరాలతో దానినే యిచ్చెడివారు. జూమ్ లెన్సు లోపలి కటకములు ముందువెనుకలకు జరుగుటచే దాని నాభ్యంతరము మారును. 28–105 అనిన, ఆ రెండు సంఖ్యల నడుమ ఏ కొలతనైనను ఒక్క వలయమును త్రిప్పి పొందవచ్చునని యర్థము.

మొదట గదిని కొలువవలెను

దుకాణమున లెన్సు బేరమాడుటకు ముందు చేయవలసిన పని యొకటి కలదు: కొలతటేపు తీసికొని కార్ఖానాకు పోవుట. మన వాడలలో మగ్గములు బహిరంగ స్థలమున లేవు. నాలుగు గోడల నడుమ, ఒకదాని ప్రక్క నొకటి, నడుచుటకు సన్నని దారి మాత్రమే విడిచి నిలిపియున్నవి. వెనుకకు జరుగుదమన్న గోడ అడ్డును. కాబట్టి లెన్సును నిర్ణయించునది మన కోరిక గాదు, ఆ గోడయే.

ఇందుకు ఒక సులభమైన సూత్రము కలదు. మనకును వస్తువునకును గల దూరమును 36 చే గుణించి నాభ్యంతరముచే భాగించినచో, చిత్రమున పట్టు వెడల్పు వచ్చును. ఎత్తు కావలెనన్న 36కు బదులు 24 చే గుణింపవలెను. మనము నిలువగల చోటు మగ్గమునకు 2.5 మీటర్ల దూరమున నున్నదనుకొందము. అప్పుడు ఫలితములు ఇట్లుండును:

28 మి.మీ. — వెడల్పు 3.21 మీటర్లు, ఎత్తు 2.14 మీటర్లు
35 మి.మీ. — వెడల్పు 2.57 మీటర్లు, ఎత్తు 1.71 మీటర్లు
50 మి.మీ. — వెడల్పు 1.80 మీటర్లు, ఎత్తు 1.20 మీటర్లు
70 మి.మీ. — వెడల్పు 1.29 మీటర్లు, ఎత్తు 0.86 మీటరు
105 మి.మీ. — వెడల్పు 0.86 మీటరు, ఎత్తు 0.57 మీటరు
200 మి.మీ. — వెడల్పు 0.45 మీటరు, ఎత్తు 0.30 మీటరు

రెండు కొనలనున్న నాడె పెట్టెలతో కూడ మగ్గము 3 మీటర్ల వెడల్పున్నదనుకొనినచో, పై పట్టికలో దానిని సంపూర్ణముగ పట్టునది 28 ఒక్కటే. 35 మి.మీ. లెన్సుతో అదే మగ్గము పట్టవలెనన్న 2.92 మీటర్ల దూరము కావలెను. అనగా మరి 42 సెంటీమీటర్లు వెనుకకు జరుగవలెను. వీధిలో నైనచో ఇది అరడుగు. కార్ఖానాలో నైనచో గోడను పగులగొట్టవలసి వచ్చును! కావున 28కిని 35కిని గల భేదము చూచుటకు ఏడే యైనను, మన పనికి అది మగ్గమంతయు పడుటకును, సగము పడుటకును గల భేదము.

ఇదే సూత్రమును త్రిప్పియు వాడవచ్చును. దూరమును 36 చే గుణించి, కావలసిన వెడల్పుచే భాగించినచో కావలసిన నాభ్యంతరము తెలియును. పై యుదాహరణమున అది సరిగా 30 మిల్లీమీటర్లు. మీ కార్ఖానా కొలతలు వేరుగ నుండవచ్చును. సూత్రము మాత్రము మారదు.

నిలువవలసిన చోటును గూర్చి ఒక హెచ్చరిక. నడుచుచున్న మగ్గమునకు కొనల వైపున, అనగా నాడె పోవు దారికి ఎదురుగ, ఎన్నడును నిలువరాదు. నాడె ఒక్కొక్కప్పుడు దారి తప్పి బయటికి ఎగురును; అది తగిలిన కన్ను పోవచ్చును. కెమెరా మెడపట్టీ వ్రేలాడుచు తిరుగు భాగముల యందు చిక్కుకొనకుండ చేతికి చుట్టుకొనవలెను. మగ్గము నాపుమని పనివానిని కోరరాదు. అతని కూలి నేసిన సరుకును బట్టి లెక్కింపబడును. మన చిత్రమునకై ఆగిన నిమిషము అతని సంపాదన నుండి పోవును.

వెలుతురు లెక్క

లెన్సుపై నాభ్యంతరముతో బాటు 3.5–4.5 అనియో, 3.5–5.6 అనియో మరొక జత సంఖ్యలుండును. ఇవి ఎఫ్ సంఖ్యలు. నాభ్యంతరమును లెన్సు ద్వారపు వ్యాసముచే భాగింపగా ఎఫ్ సంఖ్య వచ్చును. కావున ఈ సంఖ్య చిన్నదైన కొలది ద్వారము పెద్దది, ప్రవేశించు వెలుతురు ఎక్కువ. ఎఫ్ 2.8 వద్ద వచ్చు వెలుతురు, ఎఫ్ 5.6 వద్ద వచ్చుదానికి నాలుగు రెట్లు. రెండు సంఖ్యలు చెక్కుటకు కారణము, జూమును పొడవు వైపునకు త్రిప్పిన కొలది అట్టి లెన్సుల వెలుతురు తగ్గిపోవుటయే.

ఒక లెక్క వేసి చూతము. 400 వేగము గల ఫిల్ము వేసితిమి. గొట్టపు దీపముల క్రింద కెమెరా మీటరు, ఎఫ్ 4 వద్ద సెకనులో 30వ వంతు చాలునని చూపినది. చేత పట్టుకొని తీయువారికి ఒక పాత నియమము కలదు: షట్టరు వేగము నాభ్యంతరమునకు తక్కువ కారాదు. 28 మి.మీ. వద్ద 30వ వంతు, 105 వద్ద 125వ వంతు, 200 వద్ద 250వ వంతు కావలెను. అనగా 28 వద్ద మన చిత్రము సరిగా వచ్చును. అదే చోట 200 మి.మీ. వద్ద ఎఫ్ 5.6 మాత్రమే గల లెన్సును వాడినచో, వెలుతురు సగమై మీటరు 15వ వంతు చూపును. కావలసినదో 250వ వంతు. అనగా మనకు పదునారు రెట్ల వెలుతురు కొరవడినది. డిజిటల్ కెమెరాలో నైనచో వేగపు సంఖ్యను పెంచుకొందురు. ఫిల్మునందు ఆ సౌకర్యము లేదు. వేసిన చుట్ట ముగియువరకు దాని వేగము ఒక్కటే.

ముక్కాలిపీట తెచ్చికొన్న చాలదా యని యడుగవచ్చును. మగ్గములు నడుచునపుడు నేలయే యదరును. ఆ యదురు పీట కాళ్ల ద్వారా కెమెరాకు ప్రాకును. అట్టి చోట మోచేతులను ప్రక్కలకు అదిమి, ఊపిరి బిగబట్టి, చేతితో తీయుటయే మేలు. నాడె మాత్రము 30వ వంతు సెకనులో స్థిరముగ నిలువదు, ఒక గీతవలె పడును. అది లోపము గాదు; మగ్గము నడుచుచున్నదనుటకు అదియే సాక్ష్యము. నేతగాని ముఖమును, మగ్గపు చట్రమును స్థిరముగ నున్న చాలును.

ఫ్లాష్ దీపము వాడుదమన్న రెండు చిక్కులు కలవు. పాత ఫ్లాష్ దీపములు పెక్కు 35 మి.మీ. దృశ్యము వరకే కాంతిని పరచును. 28 వద్ద మూలలు నల్లబడును. అదియు గాక, నడుచు మగ్గము కడ నున్నవాని కన్నులలో ఆకస్మికముగ మెరుపు కొట్టించుట ప్రమాదకరము.

రంగు ఫిల్ము పగటి వెలుతురునకు తగినట్లు చేయబడును గనుక, గొట్టపు దీపముల క్రింద చిత్రము ఆకుపచ్చ ఛాయ దాల్చును. కార్ఖానాలో నలుపు-తెలుపు ఫిల్ము వాడినచో ఈ బాధ లేదు. ఇల్ఫోర్డు వారి హెచ్.పి.5 ప్లస్, కొడాక్ వారి ట్రై-ఎక్స్ వంటి 400 వేగపు ఫిల్ములు ఇందుకు తగినవి. అదే చుట్టతో మండుటెండలో ఎఫ్ 16 వద్ద 500వ వంతు వేగముతో వీధి చిత్రములు కూడ తీయవచ్చును.

పెద్ద సంఖ్యల మోజు

దుకాణమున 28–200 అను లెన్సు కనబడగానే అధికుల చూపు రెండవ సంఖ్యపై పడును. "ఇంత దూరము వచ్చునా!" అని సంబరపడుదురు. ఆ దూరముతో మనకున్న పని యెంతయో విచారింపవలెను.

మన వాడలో తీయదగిన వానిని లెక్కించి చూడుడు. మగ్గమంతయు: 28. వీధి, అరుగుపై ఆడు పిల్లలు: 35. కండెలు చుట్టుచున్న అవ్వ, ఆమె రాట్నము: 50. ఆ యవ్వ ముఖము: 85 నుండి 105 వరకు. కెమెరాను నిలువుగ త్రిప్పినచో, 105 వద్ద 2.5 మీటర్ల దూరమునుండి 57 సెంటీమీటర్ల వెడల్పు, 86 సెంటీమీటర్ల ఎత్తు పట్టును. అనగా తల, భుజములు, ఎద వరకు చక్కగ నమరును. శ్రావణ పౌర్ణమినాటి మార్కండేయ రథోత్సవము జనములో నుండి తీయుటకు 28 లేక 35, మేడపై నుండి తీయుటకు 70 లేక 105 చాలును. జనవరిలో సిద్ధేశ్వర యాత్రనాటి నందిధ్వజములు పొడవైనవి గనుక కెమెరాను నిలువుగ పట్టి 35 వాడవచ్చును. ఇందులో ఏ యొక్కదానికిని 200 కావలసి రాలేదు.

200 కావలసిన చోట అదియు చాలదు. నన్నజ్ అభయారణ్యము బట్టమేక పక్షికి పేరొందినది. నేడు మిక్కిలి అరుదైన ఆ పక్షి నూరు మీటర్ల దూరమున కనబడినదనుకొందము. మన సూత్రము ప్రకారము 200 మి.మీ. లెన్సులో ఆ దూరమున 12 మీటర్ల ఎత్తు పట్టును. పక్షి ఎత్తు సుమారు ఒక మీటరు. అనగా చిత్రమున అది పండ్రెండవ వంతు మాత్రమే. ఇంటివద్ద అక్కరలేనిది, అడవిలో చాలనిది యగు ఆ పొడవు కొరకు వెలుతురును ఏల పోగొట్టుకొనవలెను?

చేతులను దగ్గరగ తీయుట మాత్రము మరువరాదు. తెగిన పడుగు పోగును అతుకు వ్రేళ్లను చూపని మగ్గపు చిత్రములు అసంపూర్ణములు. కొన్ని జూమ్ లెన్సులపై 'మాక్రో' అని వ్రాసియుండును. నాలుగవ వంతు పరిమాణము వరకు తీయగల లెన్సైనచో, చిత్రమున 144 మిల్లీమీటర్ల వెడల్పు, 96 మిల్లీమీటర్ల ఎత్తు గల భాగము నిండుగ పడును. రెండు చేతుల వ్రేళ్లకు ఇది సరిపోవును.

దూదిపీచు, ఎండ

మార్చి మార్చి తగిలించు లెన్సులకంటె ఒక్క జూమ్ లెన్సే మన వాడకు తగినదనుటకు మరొక కారణము కలదు. కార్ఖానా గాలిలో దూదిపీచు ఎల్లప్పుడును తేలుచుండును. అచ్చట లెన్సును ఊడదీసినచో ఆ పీచు కెమెరా లోపలికి ప్రవేశించి అద్దముపై, షట్టరుపై, ఫిల్ము ద్వారపు అంచులపై చేరును. చిత్రపు అంచున వెండ్రుకవలె కనబడు నల్లని గీత సాధారణముగ అదియే. కావున ఇంటివద్దనే లెన్సు తగిలించి, మరల ఇల్లు చేరువరకు దానిని కదల్చకుండుట ఉత్తమము.

అయితే జూమ్ లెన్సునకును ఒక దోషము కలదు. త్రిప్పునపుడు గొట్టము ముందుకు సాగు లెన్సులు, తిత్తివలె గాలిని లోపలికి పీల్చును. గాలితో బాటు పీచు కూడ చేరును. అందుచే కార్ఖానాలో నున్నంతసేపు మాటిమాటికి త్రిప్పక, కావలసిన కొలతను ఒకసారి నిర్ణయించుకొని తీయవలెను. ముందు గాజుపై చేరిన పీచును గుడ్డతో తుడువరాదు. రబ్బరు తిత్తితో ఊది, పిమ్మట మెత్తని కుంచెతో దులుపవలెను.

వేసవిలో మన నగరపు వేడి 40 డిగ్రీలు దాటును. రేకుల కప్పు క్రింద, మూసిన బండిలో లెన్సు నుంచినచో లోపలి కందెన కరిగి, ద్వారపు రేకులపైకి ప్రాకును. ఆ రేకులు అంటుకొని ఆలస్యముగ కదలును. ఫిల్మును సైతము ఆ వేడి పాడుచేయును. మట్టికుండ నున్న గది మూలయే రెంటికిని తగిన చోటు. కుండకు దగ్గరగ మాత్రము పెట్టరాదు, చెమ్మ తగులును.

జూమ్ లెన్సుల పూర్వచరిత్ర

నిశ్చల చిత్రములు తీయు 35 మి.మీ. కెమెరాలకు మొదటి జూమ్ లెన్సు 1959లో వచ్చెను. ఫ్రాంక్ బాక్ అను శాస్త్రజ్ఞుడు రూపొందింపగా జర్మనీలోని ఫోక్ట్‌లెండర్ సంస్థ 'జూమార్' అను పేర దానిని విక్రయించెను. దాని వ్యాప్తి 36–82, ఎఫ్ సంఖ్య 2.8. జపానులో నికాన్ సంస్థ 1963లో 43–86 లెన్సును విడుదల చేసెను. అది విరివిగ అమ్ముడుపోయినను, సరళరేఖలను వంచునను అపకీర్తి కూడ తెచ్చుకొనెను. అటు పిమ్మట 35–70 వ్యాప్తి బహుళ ప్రచారమునకు వచ్చెను. 1995లో వచ్చిన నికాన్ ఎఫ్.ఎం.10 కెమెరాతో లభించినది ఆ 35–70 యే. 1992లో కానన్ సంస్థ 28–105 ను, అదే సంవత్సరమున టామ్రాన్ సంస్థ 28–200 ను తెచ్చెను. నికాన్ వారి 28–105 ఆ దశాబ్దపు చివర వచ్చినది. అది ఒక మీటను నొక్కి సగము పరిమాణము వరకు దగ్గరి చిత్రములు తీయగలదు.

ఈ చరిత్ర వలన మనకు తెలియునదేమనగా, 1970 ప్రాంతపు పాత జూములలో విశాలమగు కొన 35 వద్దనో 43 వద్దనో ఆగిపోయినది. 28 నుండి ప్రారంభమగు మంచి జూములు తరువాతి కాలమువి. కావున పాతబజారులో వెదకునపుడు వయస్సును కూడ చూడవలెను.

కెమెరాకు లెన్సు కుదురునా

లెన్సు యెంత మంచిదైనను మన కెమెరా మూతికి కుదరనిచో నిష్ప్రయోజనము. నికాన్ వారి మూతి 1959 నుండియు, పెంటాక్స్ వారి 'కె' మూతి 1975 నుండియు, కానన్ వారి 'ఇ.ఎఫ్.' మూతి 1987 నుండియు వాడుకలో నున్నవి. కానన్ వారి పాత 'ఎఫ్.డి.' లెన్సులు 'ఇ.ఎఫ్.' కెమెరాలకు తగులవు.

మూతి కుదిరినను మరి రెండు చిక్కులు కలవు. మొదటిది: డిజిటల్ కెమెరాలతో వచ్చు 18–55 లెన్సులు చిన్న గ్రాహకమునకై చేయబడినవి. నికాన్ ఫిల్ము కెమెరాకు అట్టివి తగిలినను, చిత్రపు మూలలు నల్లగ వచ్చును. కానన్ వారివి ఫిల్ము కెమెరాకు తగులనే తగులవు. రెండవది: నికాన్ వారి క్రొత్త లెన్సులలో పేరు చివర 'జి' అక్షరము గలవానికి ద్వారమును మార్చు వలయము లేదు. ఎఫ్.ఎం.2 వంటి పాత కెమెరాపై అవి మిక్కిలి చిన్న ద్వారముననే నిలిచిపోవును. వలయము గల లెన్సునే కొనవలెను.

చేతితో ఫోకసు చేయు కెమెరాలలో మరొక సంగతి గమనింపవలెను. దర్శకము నడుమ చీలిన వృత్తముండును. ఎఫ్ 5.6 ప్రాంతమున ఆ వృత్తములో సగము నల్లబడి, ఫోకసు చేయుట కష్టమగును. చీకటి కార్ఖానాలో ఇది పెద్ద బాధ. ఎఫ్ 4.5 వద్ద ఆగు లెన్సు ఇచ్చటను మేలు.

పాత లెన్సును పరీక్షించుట

మనకు లభించు జూములలో అధికభాగము ఒకరు వాడి విడిచినవి. కొనుటకు ముందు ఈ క్రింది పరీక్షలు చేయవలెను. చేతిదీపపు వెలుగును వెనుకనుండి ప్రసరింపజేసి లోపల చూడవలెను. సాలెగూటి దారములవలె కనబడునది బూజు, పొగవలె కనబడునది మాంద్యము. రెంటిలో ఏది యున్నను విడిచిపెట్టవలెను. ఒకటి రెండు ధూళికణములు మాత్రము హానికరములు గావు. ద్వారపు రేకులు తడబడక కదలవలెను, నూనె మరకలు లేకుండవలెను. లెన్సును క్రిందికి వంచినపుడు గొట్టము దానంతటదియే జారిపోరాదు.

తరువాతి పరీక్ష ఫిల్ముతో చేయవలెను. ఇందుకు విదేశీయులు అచ్చువేసిన పటములను వాడుదురు. మనకు అంతకంటె మంచి సాధనము ఇంటనే కలదు: సోలాపురపు చద్దరు. దాని నిలువు, అడ్డ అంచులు తిన్ననివి. ఎండ సమముగ పడు గోడపై దానిని బిగువుగ వ్రేలాడదీసి, నడుమ ఒక తుండుగుడ్డ తగిలించి, కెమెరాను సరిగా ఎదుట నిలుపవలెను. 28, 50, 105 కొలతలలో ఒక్కొక్కదానియందు, ద్వారము పూర్తిగ తెరచి యొకటి, ఎఫ్ 8 వద్ద యొకటి, మొత్తము ఆరు చిత్రములు తీయవలెను. ఫిల్ము ఈ సంఖ్యలను తనంత జ్ఞాపకముంచుకొనదు గనుక పుస్తకమున వ్రాసికొనవలెను. మిగిలిన ముప్పదియు పనికి వాడవచ్చును.

చిత్రములు వచ్చిన పిమ్మట చద్దరు అంచులను కొలబద్దతో చూడవలెను. 28 వద్ద అంచు పీపావలె కొంచెము బయటికి, 105 వద్ద దిండువలె కొంచెము లోపలికి వంగుట సహజము. వంపు మితిమీరినచో ఆ లెన్సు మగ్గపు చట్రమును కూడ వంచును. తుండుగుడ్డ దారపు ఉంగరములు నడుమను మూలలందును విడివిడిగ కనబడవలెను. ఒక ప్రక్క స్పష్టముగను, మరియొక ప్రక్క మసకగను ఉన్నచో లోపలి కటకములు స్థానము తప్పినవని గ్రహింపవలెను.

తుది నిర్ణయము

చెప్పినదానిని కూర్చి చూతము. మన వాడ చిత్రములకు ఒక్క జూమ్ లెన్సు కొనదలచినవారు రెండవ సంఖ్యను గాక మొదటి సంఖ్యను ముందు చూడవలెను. అది 28 కావలెను. పిమ్మట ఎఫ్ సంఖ్య చూడవలెను; 3.5–4.5 మేలు. పొడవు 85 లేక 105 వద్ద ఆగినను కొరత లేదు. ధనము చాలక 35–70 యే లభించినచో నిరాశ పడనక్కరలేదు. వీధికి, ముఖములకు, అరుగులకు అది చక్కగ నుపకరించును. కార్ఖానాలో మాత్రము మగ్గమును రెండు చిత్రములుగ తీయవలసి యుండును. కెమెరాతో వచ్చిన 50 మి.మీ., ఎఫ్ 1.8 లెన్సున్నచో దానిని అమ్మివేయరాదు. ఎఫ్ 4 కంటె అది సుమారు అయిదు రెట్ల వెలుతురు నిచ్చును. రాత్రి పాళీ చిత్రములకు అదియే దిక్కు.

ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ కర్మాగారము 1960లో స్థాపింపబడి 'ఇందు' అను పేర ఫిల్ములను దేశమునకు అందించెను. నేడది లేదు. మనము వాడు ఫిల్ములలో అధికభాగము విదేశములనుండి వచ్చునవే, వెల యెక్కువైనవే. కావున ప్రతి చిత్రమును లెక్కించి తీయవలసియున్నది. ఆ లెక్కలో మొదటి యంకె దుకాణమున గాక, కార్ఖానా గోడకును మగ్గమునకును నడుమ లభించును.

చిత్రము వచ్చిన తరువాత ఒక పని మిగిలియుండును. దాని వెనుక తేదీ వేసి, కనబడు ప్రతి భాగము పేరును తెలుగులో వ్రాయవలెను: పడుగు, పేక, నాడె, కండె, అచ్చు. మన యింటి పెద్దలు వీనిని నోటితో చెప్పుచున్నారు. పిల్లలలో పలువురు ఎరుగరు. పేరు తెలియనిచో వ్రాయుటకు ముందు పెద్దలను అడుగుడు.